ఈయన ఎవరి తరపు?

ఆడికృత్తిక రోజు వానకు తడిసి అరుగెక్కిన మనిషి, మూడు రోజుల తెప్ప తిరునాళ్ళు ముగిసినా ఇంట్లోంచి కదల్లేదు. కోకిలకు ఒళ్ళు మండిపోతోంది.

పేరు తంగరాజు అన్నాడు. పసుపు పంచె, భుజాన కావడి, చేతిలో సంచీ, నుదుటి మీద సగం కారిపోయిన విబూది. తిరుత్తణిలో సుబ్రమణ్యస్వామి కొండ కింద ఇల్లున్నవాళ్ళకు కృత్తిక నాడు ఎంతమంది చుట్టాలొస్తారో లెక్కుండదు. కావడితో వచ్చినవాణ్ణి "ఎవరయ్యా నువ్వు?" అని అడగడం మర్యాద కాదు. ముందు విస్తరి వేయాలి. కోకిల తల్లి అలిమేలమ్మ వేసింది. అతను తిన్నాడు. అంతే, పాతుకుపోయాడు.

పొద్దున్నే పేపరు అతని చేతిలో. ట్రాన్సిస్టర్ అతని చెవి దగ్గర. మడతమంచం, మొదటి చెంబు వేడినీళ్ళు అన్నీ దొరగారికే. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టకముందే, "ఇంకొంచెం ఉందామ్మా?" అంటాడు.

"ఎవరుమా ఈయన?" వంటింట్లో తల్లిని గుసగుసగా అడిగింది కోకిల.

"మీ నాయన తరపోళ్ళు గదా! ఆ ముక్కు జూడు."

నాయన ఏకాంబరాన్ని అడిగింది.

"మీ అమ్మ పుట్టింటోళ్ళు. అన్ని కాఫీలు తాగేది ఆ వంశమే."

ఇదేం చోద్యం! చిక్కంతా ఇక్కడే ఉంది. అతను మేనత్త వైపువాడో మేనమామ వైపువాడో అయితే బావ. పెదనాయన వైపువాడైతే అన్న. వరస తెలియకుండా ఏమని పిలవాలి? పైగా, చెప్పకూడదు గానీ, అతను నవ్వినప్పుడల్లా కోకిల చేతిలో పని ఆగిపోతోంది. తీరా చూస్తే అన్న వరస అయితే? ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు అన్నం సయించడం లేదు.

అందుకే ఇంగ్లీషు అందుకుంది. ఇంగ్లీషులో అన్నా లేడు, బావా లేడు, అందరూ 'యు'యే. తిరువళ్ళూరులో టైపు నేర్చుకుంటూ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు కూడా పోతోంది. మొండి అతిథితో ఎలా మాట్లాడాలో మాస్టారు చెప్పిన వాక్యాలన్నీ రైల్లో వల్లె వేసుకుంటూ వచ్చింది.

"హౌ లాంగ్ ఆర్ యు ప్లానింగ్ టు స్టే?" ఎన్నాళ్ళుంటారని సూటిగా అడిగేసింది.

తంగరాజు పేపరు దించాడు. "కాఫీ ఇంత బాగుంటే ఎట్లా చెప్పేది?"

కోకిల తెల్లబోయింది. ఇతనికి ఇంగ్లీషు తెలుసు! అనుమానం రెండింతలైంది.

"డోంట్ యు హావ్ వర్క్ టుమారో?"

"లీవు పెట్టినా. ఆవడిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమస్తాను. మణవాళనగర్‌లో రూము."

"వుయ్ ఆర్ ఎక్స్‌పెక్టింగ్ అదర్ గెస్ట్స్!"

"రానీండి. నేను అరుగు మీద పడుకుంటా."

"దెన్ ప్లీజ్ మేక్ యువర్‌సెల్ఫ్ యూజ్‌ఫుల్!"

అతను మారు మాట్లాడకుండా బిందె తీసుకుని చినుకుల్లోనే వీధి పంపుకు బయల్దేరాడు.

"వచ్చిన బిడ్డ చేత నీళ్ళు మోయిస్తావా? ఏం జెప్పినావే ఇంగ్లీషులో?" అని అలిమేలమ్మ గదమాయించింది.

"వాన బాగుందని చెప్పినా మా," అంటూ ఇంకో బిందెతో కోకిల కూడా వెంటపడింది. ఈ రోజు తేల్చేయాల్సిందే.

పంపు దగ్గర ఎవరూ లేరు.

"మా మునుస్వామి మామ కాలు నయమయిందా?" అంది తెలుగులోనే, ఏమీ ఎరగనట్టు.

"ఇప్పుడు పరవాలేదు. నడస్తా ఉండాడు."

"మాకు మునుస్వామి మామే లేడు!"

తంగరాజు మొహం పాలిపోయింది. బిందె నిండి పొర్లుతున్నా పట్టించుకోలేదు.

"ఎవరు మీరు? దొంగా?"

"అయ్యో, కాదండీ! వానకోసరం అరుగెక్కినా. మీ అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి పిల్చుకోని పోయింది. 'మీ అమ్మ బాగుందా?' అనడిగితే బాగుందన్నా. మా అమ్మ బాగానే ఉంది గదా! తిని లేచినాక నిజం చెప్దామనుకున్నా. అప్పుడు మీరు మజ్జిగ పోసేదానికి వచ్చినారు."

"వస్తే?"

"చెప్తే పంపించేస్తారు గదా. మిమ్మల్ని చూసినాక పోబుద్ధి కాలేదు."

"అయితే మీరు మాకు... అన్న కాదా?"

"ఏమీ కాను."

"సుబ్రమణ్యస్వామి మీద ఒట్టు?"

"ఒట్టు."

కోకిలకు ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణమే కోపం ముంచుకొచ్చింది. ఇన్నాళ్ళూ తన నిద్ర చెడగొట్టింది ఈ మనిషేగా!

"ఇప్పుడే మా నాయనతో చెప్పండి. చెప్పకపోతే మీ మొహం చూడను."

"తరిమేస్తాడేమో?"

"తరిమితే తరమనీ. అబద్ధం చెప్పేవాడు నాకొద్దు."

తంగరాజు తిన్నగా వచ్చి ఏకాంబరం ముందు నిలబడ్డాడు. ఒక్క మాట దాచలేదు. కోకిల అంటే ఇష్టమని కూడా చెప్పాడు.

ఏకాంబరం భార్య వైపు తిరిగాడు. "మీవాడు గాదా?"

"మీవాడనే గదా రోజూ అప్పడాలు వేయించినా!"

"యాడరా నీ ఊరు?"

"పొదటూరుపేట. మగ్గాల షణ్ముగం కొడుకుని."

ఏకాంబరం అతణ్ణి ఎగాదిగా చూశాడు. తలుపు దగ్గర కూతురి కొంగు వేళ్ళ మధ్య నలిగిపోతోంది. అది కూడా చూశాడు.

"పొదటూరుపేటకు పోయి నేను విచారిస్తా. నువ్వు చెప్పిందాంట్లో ఒక్కటి అబద్ధమైనా ఊరుకునేది లేదు. శుక్రవారం మీ అమ్మను, నాయనను పిల్చుకోని రా. అంతదాకా ఈ గడప తొక్కొద్దు."

తంగరాజు వంగి దణ్ణం పెట్టి, కావడి, సంచీ తీసుకుని వీధిలోకి దిగాడు. ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది. కోకిల ఆగలేక అరుగు మీదికి పరుగెత్తింది.

"తొందరగా రండి! మీరు లేకుంటే నాకు ఈ ఇంట్లో పొద్దుపోదు!"

"సిగ్గులేదే నీకు!" అలిమేలమ్మ నెత్తిన మొట్టికాయ వేసింది. ఏకాంబరం వినీ విననట్టు లోపలికి పోయాడు.

తంగరాజు వానలోనే వెనక్కి తిరిగాడు.

"శుక్రవారం దాకా ఎందుకు? రేపే పిల్చుకోనొస్తా!"