సగం బరువు

పేరుకు బుడ్డోడే గానీ ఆ కుక్క బరువు ఎనభై రెండు కిలోలు. వాడు తోక ఊపితే బల్ల మీది గ్లాసులు నేల మీద ఉండేవి. ముసలితనంలో వెనక కాళ్ళు పడిపోయాక, టైలరమ్మ మందపాటి గుడ్డతో రెండు పట్టీలు కుట్టింది. ఛాతీ కిందిది మొగుడు పట్టుకోవడానికి, పొట్ట కిందిది తను పట్టుకోవడానికి. ఒకసారి ఒకరు ముందుగా, ఒకరు ఆలస్యంగా ఎత్తితే ఆయన నడుం పట్టేసింది. అప్పట్నుంచీ ఒక కట్టుబాటు. ఆమె "పట్టారా?" అనాలి, ఆయన "పట్టాను" అనాలి. అప్పుడే ఎత్తాలి.

"వీడిలో సగం నీది, సగం నాది. నేను పోతే నా సగం నేను పట్టుకుపోతా" అని ఆయన వేళాకోళమాడేవాడు. మూడు నెలల క్రితం నిజంగానే పోయాడు. ముందు పట్టీని ఆమె మిషను సొరుగులో పెట్టి తాళం వేసింది. కింది వాటాలోని మెకానిక్కు పూటకోసారి వచ్చి సాయం పట్టేవాడు గానీ, ఆ పట్టీ అతని చేతికివ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. పాపం, ఒట్టి చేతులతోనే ఎత్తేవాడు.

ఆ సాయంత్రం వాన. ఆరున్నరకే చీకటి, పైగా కరెంటు లేదు. వంటగదిలో కురిసిన నీళ్ళలో బుడ్డోడు జారి పక్కకు పడ్డాడు. అంత ఒళ్ళు ఒకే పక్కన పడుంటే ఊపిరాడదని డాక్టరు ముందే చెప్పాడు. అప్పటికే గొంతులో గురగురమంటోంది. ఫోను చేస్తే, బండ్లు బాగుచేసేవాడి బండే నీళ్ళలో ఆగిపోయిందట, గంట పడుతుందన్నాడు. గంటసేపు వీడు ఆగేలా లేడు. ఆ ఇంట్లో ఆమెకు మిగిలింది వీడొక్కడే.

తడి బొచ్చు వాసన. కిటికీ మీద వాన చప్పుడు. తడుముకుంటూ పొట్ట కింద పట్టీ దూర్చి, కాళ్ళు నిలదొక్కుకుంది. పాడు అలవాటు, నోరు ఊరుకోలేదు.

"పట్టారా?"

గురగుర ఆగింది...

"పట్టాను."

కుక్క తల దగ్గర్నుంచి. నడుం నొప్పి మనిషి వంగి మాట్లాడినట్టు, మెల్లగా.

ఆమె చేతులు వాటంతటవే లేచాయి. బుడ్డోడూ లేచాడు. తర్వాత కదలిక... పడక వైపు కాదు. వీధి తలుపు వైపు.

"అటు కాదండీ..."

లాగుడు ఆగలేదు. ఒక అడుగు. ఇంకొకటి. ఆమె మడమలు తడి నేల మీద జారుతున్నాయి. చీకట్లో గడియ టక్కుమంది. చల్లగాలి మొహానికి కొట్టింది. భయంతో ఆమెకు ఏడుపొచ్చేసింది.

"వాడిలో సగం నాదన్నారుగా," అని గొణిగింది. "నా సగం నాకు వదిలెయ్యండి."

లాగుడు ఆగింది. ముందు వైపు పట్టు వదిలింది. బరువంతా మీద పడుతుందని ఆమె కాచుకుంది... పడలేదు.

కరెంటు వచ్చింది. బుడ్డోడు నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. ఛాతీకి ముందు పట్టీ బిగించి ఉంది. సొరుగుకు వేసిన తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి ఆమె మెడలోని గొలుసుకే ఉంది.

మర్నాడు వాడు తనంతట తనే నడుచుకుంటూ ఆసుపత్రికి వస్తే డాక్టరు ముక్కున వేలేసుకున్నాడు. తూకం యంత్రం ఎక్కించాడు. నలభై ఒకటి. యంత్రం పాడైందనుకుని తనే ఎక్కి చూసుకున్నాడు, తన బరువు సరిగ్గానే చూపించింది. బుడ్డోడి పక్కటెముకలు తడిమాడు. పిసరంత కూడా చిక్కలేదు.

ఆమె గుమ్మం నుంచి యంత్రం దాకా తెల్లటి నేల మీద బురద గుర్తులు చూస్తోంది. బుడ్డోడు నడిచి వచ్చిన దారంతా, వెనక కాళ్ళవి మాత్రమే ఉన్నాయి.