గుడ్డ కింద ఇచ్చిన మాట

"స్టేషన్లో ఉన్న మిలిటరీ స్పెషల్ రైల్లో టైమ్ బాంబుంది ఖాజావలీ. పదకొండింటికి పేలుతుంది," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్, టీలో చక్కెర కలుపుకుంటూ.

ఏజెంట్ ఖాజావలి గడియారం చూసుకున్నాడు. పది దాటిపోయింది.

"ఏ పెట్టెలో సర్?"

"అదే తెలీదు. జవాన్ల వంటకని రైతులిచ్చిన మిరపకాయల బస్తాల్లో ఒకదాంట్లో పెట్టారు. అవేమో వందలు. పక్క పెట్టెల్లో మందుగుండు. స్టేషన్లో పేలిందా, సగం గుంటూరు గోవిందా!"

అది 1962 చలికాలం. సరిహద్దులో చైనాతో యుద్ధం నడుస్తోంది. వాళ్ళ గూఢచారుల ముఠా గుంటూరు దాకా వచ్చేసింది. ఆ ముఠాలో ఉంటూనే చీఫ్‌కు రహస్యాలు చేరవేసే షాజాదీ, కిటికీ దగ్గర నిలబడి తీరిగ్గా గోళ్ళకు రంగు వేసుకుంటోంది. ఒకప్పటి నాటకాల కంపెనీ హీరోయిన్. ఏ వేషం కడితే అదే అసలు మనిషనిపిస్తుంది.

"బాంబు పెట్టినవాడు మిరపకాయల బజారులో ఉన్నాడు," అందామె. "వెనకాలే కాపలావాడుంటాడు, జేబులో పిస్టల్. వేరే మాటెత్తితే కాల్చేస్తాడు. కోడ్ చెప్పి, బేరానికొచ్చినట్టు వెళ్ళండి."

"వాడు బస్తా చూపిస్తే ఏం చేద్దాం సర్?"

"వాణ్ణి వదిలేద్దాం. మాటిస్తున్నాను," అన్నాడు చీఫ్.

మిరపకాయల దళారి పేరయ్య దగ్గర తలపాగా, తువ్వాలు అరువు తీసుకుని ఖాజావలి బజారులోకి నడిచాడు. ఘాటు ముక్కులు అదరగొడుతోంది. తుమ్మితే కొత్తవాడని పట్టేస్తారు. మిరప పండే సత్తెనపల్లిలో పుట్టినవాడు కాబట్టి సరిపోయింది.

"పొదిలి కాయేనా?" అని షాజాదీ చెప్పిన మనిషిని అడిగాడు.

"పొదిలిదే. ఘాటు తక్కువ."

కోడ్ కలిసింది. అవతలివాడికి గుబురు గడ్డం, నల్లకళ్ళజోడు. ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపారు. ఆ బజారులో ధర నోటితో చెప్పరు, గుడ్డ కింద వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. అలా కుదిరిన బేరాన్ని చచ్చినా తిప్పరు.

ఆ చెయ్యి తగలగానే ఖాజావలి గుర్తుపట్టాడు. వంకర చిటికెనవేలు! రెండో ప్రపంచయుద్ధంలో, మలయాలోని పెనాంగులో జపాన్ వాళ్ళు నడిపిన గూఢచారి బడిలో, కర్రసాము చేస్తూ తనే విరగ్గొట్టిన వేలు. అంటే జక్రయ్య! ఉరి తీశారని నమ్మి, ఇరవై ఏళ్ళుగా తను దువా చేస్తున్న స్నేహితుడు. ఆ వేళ్ళకు గోళ్ళు లేవు.

తెల్లదొరల్ని తరమాలని ఇద్దరూ జపాన్ వాడి అన్నం తిన్నారు. రెండు పడవల్లో రహస్యంగా మన తీరానికొచ్చారు. ఖాజావలి తప్పించుకున్నాడు. జక్రయ్య దొరికిపోయాడు.

ఖాజావలి అతని అరచేతిలో, ఆ బడిలో నేర్చిన మోర్స్ కోడ్ వేలితో కొట్టాడు. "జక్కీ, నేన్రా. ఖాజాని."

ఆ చెయ్యి బిగుసుకుపోయింది.

"కాయ తడిసినట్టుందే!" అని పైకి గద్దించాడు ఖాజావలి, కాపలావాడు వినాలని.

"కాయ కాదు, నీ కళ్ళు తడిశాయి చూసుకో!" అన్నాడు జక్రయ్య.  గుడ్డ కింద అతని వేలు గబగబా కొట్టింది. "నా పడవ సంగతి తెల్లోడికి చేరవేసింది మన జపాన్ ఆఫీసరే. నన్ను ఎరగా వేసి నిన్ను దాటించాడు. జైలు నుంచి బయటికొస్తే మనవాళ్ళు ద్రోహినన్నారు. పలకరించిన దిక్కు లేదు."

"అందుకని ఇంకో పరాయివాడి బాంబు మోస్తావా? ఆ రైల్లో జవాన్లున్నార్రా!" అంది ఖాజావలి వేలు.

"మందుగుండు ఒక్కటే అన్నారు. మనుషులుండరన్నారు."

"మీ పొదిలి కుర్రాళ్ళే ఉన్నారు. మళ్ళీ మోసపోయావు."

 జక్రయ్య వేళ్ళు మెల్లగా అడిగాయి. "చూపిస్తే నన్ను?"

"వదిలేస్తారు."

"గుడ్డ కింద మాట?"

"గుడ్డ కింద మాట."

"మూడో పెట్టె. ఎర్రదారంతో కుట్టిన బస్తా. పద, చూపిస్తా."

"బేరం కుదిరింది!" అని ఖాజావలి గట్టిగా అరిచాడు. కాపలావాడు నవ్వాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోపు వాడి కళ్ళలో జక్రయ్య విసిరిన గుప్పెడు మిరపగింజలు పడ్డాయి, పిస్టల్ ఖాజావలి చేతికొచ్చింది.

బజారు బయట కాచుకున్న షాజాదీ, ఇద్దర్నీ ఎక్కించుకుని జీపును స్టేషన్ దాకా ఎగరేసుకొచ్చింది. జక్రయ్యే బస్తా చీల్చాడు. కాయల మధ్య గడియారం టిక్కుటిక్కుమంటోంది. ముల్లు పదకొండు మీదికి వాలుతుండగా ఖాజావలి వైరు కత్తిరించాడు. టిక్కుమనడం ఆగింది.

రైలు కూత పెట్టి కదిలింది. కిటికీల్లోంచి కుర్రాళ్ళు చేతులూపుతుంటే జక్రయ్య నల్లకళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మో, ఎంత పని చేసేవాణ్ణిరా!"

అప్పుడే బేడీలతో చీఫ్ వచ్చాడు. జక్రయ్య ఆయన్ని ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, బాగున్నారా? దొరల కొలువులో ఉన్నప్పుడు నా గోళ్ళు పీకారు, గుర్తుందా? ఒరేయ్ ఖాజా, నువ్వు పనిచేసేది ఈయన కిందా!"

ఖాజావలి కళ్ళనీళ్ళతో చీఫ్‌కు అడ్డం నిలబడ్డాడు. "సర్, మాటిచ్చారు!"

"గుడ్డ కింద మాటకి రికార్డేదయ్యా? అప్పుడూ డ్యూటీయే, ఇప్పుడూ డ్యూటీయే."

ఖాజావలి చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. అప్పటికే షాజాదీ పిస్టల్ అతని పక్కటెముకలకు తగిలి ఉంది. "సారీ," అందామె. నిజంగానే అందో, నటించిందో!

"వద్దురా," అన్నాడు జక్రయ్య, చేతులు తనే చాచి. "అందరూ నన్ను మోసం చేసినవాళ్ళేగానీ, చేసి ఏడ్చినవాడివి నువ్వొక్కడివేరా."

బేడీలు పడుతుంటే ఖాజావలి చూస్తూ నిలబడ్డాడు. జపాన్ వాడు పరాయివాడు. వీళ్ళు మనవాళ్ళు. మాటిచ్చిన చెయ్యి తనది.

అరువు తువ్వాలు తిరిగివ్వడానికి బజారుకెళ్తే పేరయ్య ఎదురొచ్చాడు. "ఏం సాయిబూ, బేరం కుదిరిందా?"

"కుదిరింది పేరయ్యా. సరుకు మాకొచ్చింది, ధర మాత్రం అమ్మినవాడే కట్టాడు."

పేరయ్య తువ్వాలు అందుకోబోయి, బేరం తిప్పినవాడి గుడ్డ ముట్టకపోవడమే మంచిదని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.