మనవాళ్లమే, తలుపు తియ్యండి

ఆ సందు చివరి ఇంటి వైపు చీకటి పడ్డాక మా వాళ్లెవరూ పోరు. గోడ నిండా తూటాల గుంటలు, లోపల్నించి గడియ పడిన ముందు తలుపు... గొడవలు సద్దుమణిగి ఇన్నేళ్లయినా ఆ ఇంట్లో ఎవరూ దీపం పెట్టలేదు. అటు వెళ్లేది ఊరు చూడ్డానికొచ్చేవాళ్లే. వాళ్లని జీపులో తెచ్చి దింపేది నేను, అదీ నా ఖర్మ.

ఆ ఇల్లు మా వదిన పుట్టిల్లు.

గొడవల రోజుల్లో తుపాకులవాళ్లు రాత్రిపూట తలుపు కొట్టి, "మనవాళ్లమే, తలుపు తియ్యండి" అనేవాళ్లు. మన భాషలోనే, మెత్తగా. మనవాళ్లే అంటే ఎవరు తియ్యరు చెప్పండి? వదిన వాళ్ల నాన్న తీశాడు. ఆ ఇంట్లో ఒక్కరు కూడా మిగల్లేదు. వదిన ఆ రోజు మేనత్త దగ్గరుంది కాబట్టి బతికింది. అప్పట్నించి మా ఊళ్లో తలుపు కొడితే పేరు చెప్పాలి. "మనవాళ్లమే" అని ఎవరూ అనరు — తాగొచ్చినవాడు కూడా అనడు.

ఇప్పుడేమో అడవి పక్కన కాటేజీలు వెలిశాయి. వచ్చేవాళ్లు మహా సున్నితం లెండి. ఆకు తెంపరు, ప్లాస్టిక్ ముట్టరు, చీమ కనిపిస్తే పక్కకి తప్పుకుని నడుస్తారు. ఆ చీమకిచ్చే మర్యాదలో సగం మాకిస్తే బాగుండు. కాటేజీల ఓనరు సాయంత్రాలు వాళ్లని ఆ ఇంటికి తీసుకెళ్లి కథంతా చెప్పేవాడు. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు కొట్టి, "మనవాళ్లమే" అని, వీడియో తీసుకుని నవ్వుకునేవాళ్లు.

వదిన ఆ కాటేజీల్లోనే వంట చేస్తుంది. "ఆ ఒక్క మాటా అనొద్దని చెప్పండి సార్" అని ఎన్నిసార్లు బతిమాలిందో. "సరదాకంటారమ్మా, పట్టించుకోకు" అని కొట్టిపారేసేవాడు ఓనరు.

ఆ వారం ఒక కెమెరా ఆయన దిగాడు. మనిషి మంచివాడే... అదే నా మంట. వదినని పక్కన కూర్చోబెట్టుకుని జరిగిందంతా అడిగాడు, కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఆ తర్వాత, "చీకట్లో నేనొక్కణ్ణే వెళ్లి ఆ తలుపు కొడతా. అసలైన అనుభూతి రావాలి కదా" అన్నాడు.

అనుభూతట. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత వదిన నా దగ్గరికొచ్చి గుసగుసగా, "వెనక తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంది మరిదీ. లోపల కూర్చుంటా. ఆ మాట మళ్లీ ఏ నోటా రాకుండా చేస్తా" అంది. అలాగే చెయ్యి వదినా, అన్నాను.

చీకటి పడింది. నేను ఆ ఇంటికి కాస్త ఇవతల, జీపులో లైట్లార్పుకుని ఉన్నాను. ఆయన ఫోను లైటు పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపు కొట్టాడు.

"మనవాళ్లమే... తలుపు తియ్యండి."

ఏమీ లేదు. మళ్లీ కొట్టాడు.

లోపల మంచం కిర్రుమంది. ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్నారు... నెమ్మదిగా. గడియ తీసిన చప్పుడు. వదిన ఇంత బాగా చేస్తుందనుకోలేదు, నాకు నవ్వొచ్చింది.

"మనవాళ్లేనా?" — ముసలి గొంతు. "అయితే లోపలికి రా నాయనా."

ఆయన వెళ్లాడు. తలుపు మూసుకుంది. గడియ పడింది.

పరుగెత్తుకొస్తాడని చూశాను... చూశాను. రాలేదు. జనాన్ని పిలిచి తలుపు బద్దలు కొట్టించేసరికి లోపల దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆ దుమ్ములో ఒక్కరి అడుగులే, లోపలికి వెళ్లినవే. పోలీసులు అడవంతా గాలించారు. ఓనరు ఆ ఇంటి దారికి అడ్డంగా ముళ్లకంచె వేయించాడు.

నేను మాత్రం ఆ రాత్రే వదిన దగ్గరికెళ్లాను. గిన్నెలు తోముతోంది.

"ఆయన్నేం చేశావు వదినా? ఆ గొంతెలా మార్చావు?"

"నేను లోపలికి పోతే కదా. వెనక తాళం తీశాను, తోశాను, రాలేదు. లోపల్నించి గడియ పెట్టుంది." చెయ్యి ఆపలేదు. "గోడవారగా ముందుకొచ్చి నిలబడ్డాను. గొంతు విన్నాను... మా నాన్నది."

"మరి ఆయన లోపలికి వెళ్తుంటే?"

"చూస్తూనే ఉన్నా. వెళ్లొద్దు బాబూ అని ఒక్క కేక వేస్తే ఆగేవాడు."

గిన్నె బోర్లించి నా వైపు తిరిగింది.

"వెయ్యబుద్ధి కాలేదు మరిదీ."