పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచండి

పెర్సిస్ మొదటిసారి మా షాపులోకి వచ్చినప్పుడు బయట జోరు వాన. తాడేపల్లిగూడెం స్టేషన్ రోడ్డులో నాది చిన్న ఆన్‌లైన్ సెంటర్. లోపలికి వస్తూనే గొడుగు ముడిచి, నీళ్లన్నీ నా ప్రింటర్ మీద దులిపింది.

"హాల్‌టికెట్ రావట్లేదండి. ఓటీపీ ఎక్కడికో వెళ్లిపోతోంది."

"ఎక్కడికో వెళ్లదండీ. చివర నలభై ఏడు ఉన్న నంబరుకి వెళ్తోంది. ఎవరిదది?"

ఆమె గొడుగు వంక చూసింది. "ఒకప్పటి ఫ్రెండుదండి. కాలేజీలో ఈ మెయిల్ ఐడీ అతనే తెరిచిచ్చాడు."

ఆ ఫ్రెండు పేరు జాకబ్. రెండేళ్లు ప్రేమించుకున్నారు. ఆమె ఏ బస్సుకి టికెట్ తీసుకున్నా, దిగే చోట అతను ముందే నిలబడి ఉండేవాడట. ఎలా తెలుస్తోందో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఆ టికెట్లన్నీ ఈ మెయిల్‌కే వచ్చేవి. విడిపోయి ఏడాదైనా మెయిల్‌కి అతని నంబరే ఉంది. నేను ఆ నంబరు తీసేసి ఆమెది పెట్టాను. పాస్‌వర్డ్ కూడా మార్చాను.

"కొత్త పాస్‌వర్డ్ రాసుకోండి."

"నేను మర్చిపోతానండి. మీ దగ్గరే ఉంచండి."

అందరూ అదే మాట అంటారు. నా టేబుల్ సొరుగులో ఒక లాంగ్‌బుక్కుంది. పెన్షన్ ముసలమ్మలు, టెట్ రాసే అమ్మాయిలు, చివరికి మా పాస్టర్ గారు కూడా. సగం గూడెం పాస్‌వర్డ్‌లు అందులోనే ఉన్నాయి. ఏడేళ్లలో ఒక్కరిదీ తెరిచి చూడలేదు. ఆ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

తర్వాత ఆమెకు జెరాక్స్‌ల అవసరం ఎందుకో బాగా పెరిగింది. ఒకే ఆధార్ కార్డు వారంలో మూడుసార్లు తెచ్చింది.

"ఏవండీ, ఇందులో నా ఫొటో మరీ నల్లగా వస్తోంది."

"మెషీన్ తప్పు కాదండి. ఆధార్ వాళ్లని అడగండి."

"బయట మీరు బాగుంటారండీ అనొచ్చుగా! మాట సాయం కూడా చెయ్యరా?"

"బాగుంటారండీ."

"అడిగాక చెప్తే ఏం లాభం, బెంజమిన్ గారూ!" అంటూ కాగితాలు ఇక్కడే వదిలేసి వెళ్లిపోయింది. మర్నాడు వాటికోసం మళ్లీ వచ్చింది.

వాళ్ల నాన్న వరదానం గారు పెంటపాడులో మాస్టారు. మా పెళ్లికి ఆయన ఒప్పుకున్నారు, మావాళ్లూ ఒప్పుకున్నారు. మే నెలలో చర్చిలో ప్రధానం, అంటే నిశ్చితార్థం, జరిగింది.

వారం తర్వాత ఇద్దరం ఏలూరులో హోటల్లో భోంచేస్తుంటే ఆమె ఫోన్ మోగింది. చూసి బోర్లించింది.

"ఎవరు?" అన్నాను.

"ఎవరో."

ఆ 'ఎవరో' నన్ను తినేసింది. అప్పుడే ఇంకోసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు సొరుగు లాగి, లాంగ్‌బుక్ తీసి, ఆమె మెయిల్ తెరిచాను.

ఇన్‌బాక్స్‌లో జాకబ్ నుంచి ఏమీ లేదు. డ్రాఫ్ట్స్‌లో మాత్రం అతని పేరు మీద ఒక ఉత్తరం ఉంది. రెండేళ్ల కిందట ఆమె రాసి, పంపకుండా వదిలేసింది. 'నేనెక్కడున్నానో నీకెలా తెలుస్తోంది? నాకు భయంగా ఉంది. బాత్‌రూమ్‌లోకి వెళ్లినా ఫోన్ ఆపేసుకుంటున్నాను. నిన్ను బతిమాలుతున్నాను, ఆపు.'

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మూసేశాను. ఇక అయిపోయిందనుకున్నాను. షాపులో కంప్యూటర్ ఈమధ్యే మార్చానన్న సంగతే మర్చిపోయాను.

సాయంత్రం పెర్సిస్ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టింది.

"ఎవరో నా మెయిల్ తెరిచారండి. కొత్త కంప్యూటర్ అని అలర్ట్ వచ్చింది. ఊరు ఏలూరని చూపిస్తోంది. జాకబ్ ఉండేది ఏలూరే కదండీ!"

మా గూడెం నెట్‌కి ఒక్కోసారి ఏలూరనే చూపిస్తుంది. అది నాకు తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మీకు ఇవన్నీ తెలుసుగా. మీరే కనిపెట్టాలి," అంది.

"చూస్తాను," అన్నాను. నేను చేసిన పనులన్నిటిలోకీ నీచమైనది ఆ ఒక్క మాట.

ఆమె తను పనిచేసే స్కూలుకి వెళ్లడం మానేసింది. కొల్లేరులో గుడివాకలంకలో ఉన్న పిన్ని ప్రసన్నకుమారి గారింటికి వెళ్లి దాక్కుంది. నేను రెండ్రోజులకోసారి పళ్లు పట్టుకుని ధైర్యం చెప్పడానికి వెళ్లేవాణ్ని.

"ఏమైనా తెలిసిందా అండీ?"

"ట్రేస్ చేస్తున్నాను."

"బయట బండి చప్పుడైతే చాలు, వంటగదిలోకి పోయి గడియ పెట్టుకుంటోంది బాబూ. నువ్వొచ్చినప్పుడే కాస్త అన్నం తింటోంది," అన్నారు పిన్ని గారు. నా ముందే పెర్సిస్ కంచం ఖాళీ చేసేది. నాకు మాత్రం ముద్ద దిగేది కాదు.

పన్నెండో రోజు నేను అక్కడుండగానే వరదానం గారు ఫోన్ చేశారు. "బాబూ, మేం నలుగురం ఏలూరు బయల్దేరాం. ఆ జాకబ్ సంగతి ఇవాళ తేలిపోవాలి. వాడి ఫోన్ లాక్కుని నీ చేతికే ఇస్తాం. నువ్వే చూద్దువుగాని."

చెరువు గట్టు మీదికి రమ్మని పెర్సిస్‌ని పిలిచాను. చినుకులు మొదలయ్యాయి.

"జాకబ్ కాదు," అన్నాను.

ఆమె గుండెల మీద చెయ్యేసుకుంది. "దేవా, స్తోత్రం! నిజంగానా అండీ? అతను కాదా?" నవ్వుతూనే ఏడ్చేసింది. ఎన్నాళ్లకో ఆ ముఖంలో కళ కనిపించింది. "మరి ఎవరండీ?"

"నేను."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏం చదివావ్?"

నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. "డ్రాఫ్ట్," అన్నాను.

"అది మా నాన్నకి కూడా చూపించలేదు." అంది. "అది చదివాక కూడా, పన్నెండు రోజులు నేను వణుకుతుంటే ఎదురుగా కూర్చుని చూశావా? నేను దాక్కుంది నీ నుంచా?"

"క్షమించు పెర్సిస్. ఆ రోజు ఫోన్ బోర్లించావని..."

"బ్యాంకు వాళ్లు. లోనిస్తామని." ముఖం తుడుచుకుంది. "ముందు నాన్నకి ఫోన్ చెయ్. ఆ మనిషిని చెయ్యని తప్పుకి కొట్టకుండా ఆపు."

చేశాను. ఆమె ముందే, స్పీకర్ పెట్టి, అంతా చెప్పాను. అవతల కారు ఆగిన చప్పుడు వినబడింది. వరదానం గారు ఫోన్ పెట్టేశారు.

"పెళ్లి..." అన్నాను.

"నేను పిలిస్తే రా. పిలవకపోతే రాకు."

"ఎన్నాళ్లు?"

"రావద్దని జాకబ్‌కి కూడా చెప్పాను. అతను ఆగలేకపోయాడు."

పిన్ని గారింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. గడియ వేసిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది.

ఇది జరిగి మూడు నెలలైంది. ఆమె పిలవలేదు. నేను వెళ్లలేదు, మెసేజ్ పెట్టలేదు. పనిమీద ఏలూరు వెళ్లినా ఆ లంక దారిలోకి బండి తిప్పడం లేదు. పెర్సిస్ అంటే నాకు ప్రాణం. ఆ మాట చెప్పడానికి కూడా వెళ్లలేదు.