మనమీటర్

సొరకాయ ప్రయోగం బెడిసికొట్టింది. డాక్టర్ వకుళ ఆరు నెలలపాటు తన మైక్రోఫోన్లను సంతల్లో, బస్టాండుల్లో వేలాడదీసి, సొరకాయ అనేవాళ్ళు ఎక్కడ ఆగిపోతారో, ఆనపకాయ అనేవాళ్ళు ఎక్కడ మొదలవుతారో చూసి మ్యాప్ మీద గీత గీసింది. ఆ గీత రెండు జిల్లాలు దాటి, ఒక రైల్వే ప్లాట్‌ఫారం ఎక్కి దిగి, చివరికి ఒక వంటగదిలో అత్తాకోడళ్ళ మధ్య నుంచి పోయింది. కూర మాత్రం ఇద్దరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటున్నారు. ఈ గీత పట్టుకుని రాష్ట్రాన్ని విడగొడితే జనం నవ్విపోతారని విభజన కమిషన్ తేల్చేసింది.

2064 నాటి సిరియేరు రాష్ట్రంలో ఎగువన మెట్టసీమ, దిగువన పల్లపుసీమ ఉండేవి. మెట్టవాళ్ళు ఇరవై రెండేళ్ళుగా మాకు వేరే రాష్ట్రం కావాలంటున్నారు. సర్వేలను ఎవరూ నమ్మడం లేదు కనుక, విడిపోవడం సబబో కాదో సైన్సునే తేల్చమని ప్రభుత్వం వకుళను పంపింది. ఆమె ఏ సీమ మనిషీ కాదు.

అసలు ఆలోచన ఆమెకు టీ కొట్టు దగ్గర తట్టింది. బల్ల మీద కూర్చున్న నలుగురూ ఆమెను చూసి, "మేం టీ తాగుతున్నామండీ" అన్నారు మర్యాదగానే. ఆ 'మేం'లో తనకు కప్పు లేదని ఆమెకు వెంటనే అర్థమైంది. ఇంగ్లీషుకు ఉన్నది ఒక్కటే 'వి'. తెలుగుకు రెండున్నాయి. మేము అంటే ఎదుటివాడు తప్ప మిగతా అందరూ. మనం అంటే ఎదుటివాడితో సహా. మనిషి తన మనసులో సరిహద్దు ఎక్కడ పెట్టుకున్నాడో రోజుకు వందసార్లు తానే చెప్పేస్తూ ఉంటాడు, వినే యంత్రం ఉండాలంతే.

టిఫిన్ డబ్బా అంత యంత్రం తయారైంది. మెట్ట మనిషి, పల్లం మనిషి మాట్లాడుకుంటుంటే అది మాటలేమీ దాచుకోదు. మేము, మాకు ఎన్నిసార్లు వచ్చాయి, మనం, మనకి, 'వెళ్దాం' లాంటివి ఎన్నిసార్లు వచ్చాయి అని మాత్రం లెక్కపెట్టి, నూటికి ఎన్ని 'మనం'లు ఉన్నాయో చూపిస్తుంది. దాని అసలు పేరు ప్రొనౌన్ ఫీల్డ్ మ్యాపర్. జనం మాత్రం దానికి మనమీటర్ అని పేరు పెట్టేశారు. ముప్పై కంటే తక్కువ చూపిస్తే రాష్ట్రం ఇవ్వాలి, ఎక్కువైతే ఇవ్వకూడదు అని చట్టం చేశారు.

మొదటి నెల నలభై నాలుగు చూపించింది. మెట్ట రాష్ట్ర సాధన సమితి అధ్యక్షురాలు సుగుణమణి టీచర్‌కు ఆ రోజు అన్నం సహించలేదు. మెట్టలో పెద్దాసుపత్రి లేదు. కాన్పు కష్టమైతే నూట అరవై కిలోమీటర్లు ఘాట్ రోడ్డు దిగాలి. దిగేలోపు అంబులెన్సులోనే పుట్టిన పిల్లలు ఆమె బడిలో ప్రతి తరగతిలోనూ ఉండేవారు. రాష్ట్రం వచ్చిన మర్నాడే ఆసుపత్రికి పునాది తవ్వించాలని ఆమె పట్టుదల.

ముప్పై ఏళ్ళు తెలుగు వ్యాకరణం చెప్పిన మనిషి కనుక, ఊరూరా 'మనం' మాన్పించే తరగతులు మొదలుపెట్టింది. పల్లంవాళ్ళతో ఎవరూ మనం అనకూడదు. జనం భక్తిగా పాటించారు. పల్లం మొగుడున్న ఒక మెట్ట ఇల్లాలు, "రేపు మా పెళ్ళిరోజు, మీరూ తప్పకుండా రండి" అని మొగుడినే పిలిచింది.

పల్లంవాళ్ళు తక్కువ తినలేదు. వాళ్ళ ఐక్యవేదిక పెద్ద వీర్రాజు, కాలువ లాకుల దగ్గర సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. మెట్టవాళ్ళు కనిపిస్తే నోరు తెరవగానే మనం రావాలని ఆయన ఆర్డరు. ఒక పల్లం డెంటిస్టు మెట్ట పేషెంటుతో, "మన పన్ను మనం పీకేసుకుందాం" అంటే ఆ పేషెంటు కుర్చీ దిగి పారిపోయాడు.

చివరి విచారణ నాటికి అంకె ముప్పై ఒకటి దగ్గర ఊగుతోంది. మెట్ట టౌన్‌హాలు నిండిపోయింది. గోడ మీద పెద్ద తెర పెట్టారు. ఆ రోజు హాల్లో వచ్చే అంకెదే తుది తీర్పు. సుగుణమణి టీచర్ మా కొండలు, మా నీళ్ళు, మా కష్టం అంటూ పావుగంట మాట్లాడింది. ఒక్క మనం కూడా జారలేదు. తెర మీద ముప్పై, తర్వాత ఇరవై తొమ్మిది. మెట్టవాళ్ళు చప్పట్లు కొట్టారు. వీర్రాజు నలభై 'మనం'లు రాసుకొచ్చిన కాగితం తీసి లేచాడు. టీచర్ ఇంకా కూర్చోలేదు.

"ఒక్కమాట వీర్రాజు గారూ. ఘాట్ రోడ్డు పదకొండో మలుపు దగ్గర ఈ ఏడాది తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు. వాళ్ళ పుట్టిన ఊరు ఏమని రాయమంటారు?"

వీర్రాజు కాగితాన్ని చూశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన కూతుర్ని ఇచ్చింది మెట్టకే.

"ఆ తొమ్మిదిమందిలో మా మనవరాలు కూడా ఉందండీ టీచర్ గారూ. ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎలా ఆపాలా అనే చూశాను గానీ, ఆ మలుపు గురించి ఆలోచించలేదు. సరేనండి. విడిపోదాం."

టీచర్‌ ఇరవై రెండేళ్ళుగా ఈ ఒక్కమాట కోసమే ఎదురుచూసింది. "విడిపోదాం" అంది. మెట్టవాళ్ళు లేచి విడిపోదాం అన్నారు. పల్లంవాళ్ళూ లేచి విడిపోదాం అన్నారు. ఏ వరసలో ఎవరున్నారో తెలియకుండా జనం కౌగలించుకున్నారు.

తెర మీద తొంభై ఏడు.

కౌగిళ్ళు వదిలి అందరూ తెర వైపు తిరిగారు. మొట్టమొదట అర్థమైంది టీచర్‌కే. విడిపోదాం అనే మాట మేము అనుకుని అనలేం. ఎదుటివాడిని కలుపుకోకుండా ఆ మాట నోటికి రాదు. తాను ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన పాఠమే తన కాలికి అడ్డం పడింది. ఆమె కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది, ఆ నీళ్ళలో ఏడుపు కూడా కొంత ఉంది.

కమిషన్ ఛైర్మన్ తల పట్టుకుని, యంత్రం పాడైందా అని వకుళను అడిగాడు.

"యంత్రం బాగానే ఉంది సార్. చట్టమే తలకిందులుగా రాశారు. విడిపోవడానికి కూడా ముందు మనం అనుకోవాలి. అలా అనుకోలేనివాళ్ళని విడదీస్తే మిగిలేది గొడవే. వీళ్ళు అనుకున్నారు, వీళ్ళకి ఇవ్వొచ్చు."

రిపోర్టులోనూ అదే రాసింది. ఛైర్మన్ సంతకం పెట్టాడు, చట్టం మారింది, పదకొండు నెలలకు మెట్ట రాష్ట్రం ఏర్పడింది.

అవతరణ దినం నాడు ఘాట్ దిగువన కొత్త సరిహద్దు గేటు తెరిచారు. వీర్రాజు పక్క రాష్ట్రం అతిథిగా, ఒక చంకలో మనవరాలు, మరో చేతిలో కాజాల పొట్లంతో వచ్చాడు. మర్నాడే ఆసుపత్రి పునాది. సుగుణమణి టీచర్ పోలీసు బ్యాండును తోసుకుంటూ గేటు దాటి ఆయన దగ్గరికి పరుగెత్తింది.

"వీర్రాజు గారూ, మనకి రాష్ట్రం వచ్చిందండీ."

"మనకేనండీ" అన్నాడాయన కాజా నములుతూ.

ముప్పై ఏళ్ళు ఊరి పిల్లల తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్దిన ఆ టీచరు, ఈ తప్పును మాత్రం దిద్దలేదు.