శనివారం బోర్డు

ఆ శనివారం పొద్దున తొమ్మిది దాటినా కుట్టుకొట్టు బయట బోర్డు ఖాళీగానే ఉంది. వీధిలో అందరికీ అది వింతే. వేసవి సెలవుల్లో ప్రతి శుక్రవారం ఒక కొత్త సినిమా పడుతుంది. టైలరమ్మ మొదటి ఆటకే వెళ్ళొస్తుంది. శనివారం కొట్టు తలుపు తీస్తూనే సుద్దముక్క పుచ్చుకుని బోర్డు మీద రెండు ముక్కలు రాస్తుంది. అవి చదివాకే సగం ఊరు టికెట్టు కొంటుంది. పదింటికల్లా థియేటర్ మేనేజరు స్కూటర్ ఆపి ఫోటో తీసి ఊరందరి ఫోన్లకీ పంపిస్తాడు. ఆవిడ తిట్టిన సినిమాకైతే, నిజంగా అంత అన్యాయంగా ఉందా అని చూడ్డానికి జనం వస్తారని ఆయన ఆశ.

ఆవిడకి మొహమాటం బొత్తిగా లేదు. ఈ వేసవిలో మొదట పడ్డ దయ్యాల సినిమాకి, ‘దయ్యం కంటే పక్కసీటాయన గురకకే ఎక్కువ ఉలిక్కిపడ్డాను’ అని రాసింది. తర్వాత వచ్చిన పెద్ద హీరో సినిమాకి, ‘పాతికేళ్ళనాటి కొలతలతో కుట్టిన చొక్కా. గుండీలు పడలేదు’ అంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు తీసిన చిన్న సినిమా ఒకటి వస్తే, ‘కుక్క బ్రహ్మాండంగా చేసింది. మనుషులూ ఫరవాలేదు. చూడండి’ అని రాసింది. ఆ హాలు రెండు వారాలు నిండింది.

ఇదంతా నోటికొచ్చినట్టు రాయడం కాదు. హాల్లోకి వెళ్తూ రెండు దారాలు పట్టుకెళ్తుంది. ఇంటర్వెల్ దాకా తెల్లది, తర్వాత నల్లది. మనసు తెర మీంచి జారి ఇంట్లో పొయ్యి మీదికో, మిషను మీదికో వెళ్ళిందంటే చీకట్లోనే ఒక ముడి వేస్తుంది. తర్వాత ఇంటికొచ్చి ముడులు తడిమి చూసుకుంటుంది.

నిన్న పడింది మాత్రం కూతురు సినిమా. గుడ్డముక్కల మధ్య పెరిగిన ఆ పిల్లని ఇంట్లో కత్తెర అనే పిలుస్తారు. పదేళ్ళు వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా పనిచేసి, మొదటిసారి ఎడిటర్‌గా తెర మీద పేరు వేయించుకుంది.

“ఏమేవ్, ఇంకా రాయలేదేం?” అంటూ వచ్చాడు భర్త. డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాడు.

“పిల్ల బస్సు దిగి వస్తోందిగా. ముందు దానికి చెప్పి, తర్వాత రాస్తాను.”

“చెప్పడానికేముంది? బాగుందని రాసి పారెయ్.”

“ఇంటర్వెల్ తర్వాత బాలేదు. మీరే నిద్రపోయారు నా పక్కన.”

“నిద్రేంటి? కళ్ళు మూసుకుని మ్యూజిక్ విన్నాను.”

“నోరు తెరుచుకుని విన్నారు.”

మాస్టారు నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “ఆ నిర్మాత తర్వాతి సినిమా కూడా మన పిల్లకే ఇస్తానన్నాడు. సొంత తల్లే వంక పెట్టిందని తెలిస్తే ఇస్తాడా? నీ రెండు ముక్కల కోసం దాని నోటికాడి కూడు తీసేస్తావా?”

ఆ మాట ఆవిడకి గట్టిగానే తగిలింది. రాత్రంతా తనూ అదే ఆలోచించింది. అయినా తల అడ్డంగా ఊపింది. “ఊళ్ళోవాళ్ళ పిల్లల పనికి వంకలు పెట్టిన నోరు నా పిల్ల దగ్గరికొచ్చేసరికి మూతబడిందనుకోండి. ఇన్నేళ్ళూ నేను రాసినదాన్ని ఎవరు నమ్ముతారు? బాగాలేనిదాన్ని బాగుందని రాయను. రాయనంటే రాయను.”

ఇంతలో యూనిఫాం కుట్టించుకోవడానికి నర్సమ్మ వచ్చింది. టైలరమ్మ టేపు మెడలో వేసుకుని లోపలికి నడిచింది. మాస్టారు ఒక్కక్షణం ఆగాడు. తర్వాత సుద్దముక్క తీశాడు. ఎవరి చేతిరాతనైనా దించెయ్యగల చెయ్యి ఆయనది. అచ్చం భార్య రాసినట్టే, ‘అద్భుతం! మొదటినుంచి చివరిదాకా అద్భుతం!’ అని రాసి, ఏమీ ఎరగనట్టు పేపరు విప్పుకున్నాడు.

పావుగంటకి కత్తెర భుజాన సంచీతో వచ్చింది. బోర్డు ముందు ఆగి, రెండుసార్లు చదివి, విసవిసా లోపలికొచ్చింది. నర్సమ్మ చేతులు రెండూ చాచి నిలబడి ఉంది.

“అమ్మా, ఏంటా రాత?”

“ఏ రాత?”

“తెలియనట్టు అడక్కు. పుట్టి బుద్ధెరిగాక నీ నోట అద్భుతం అన్న మాట విన్నానా నేను? ఎవరికీ రాయనిది నాకు రాశావంటే జాలిపడి రాశావు. నా పని అంత చెత్తగా ఉందా? ఉంటే మొహం మీదే చెప్పు. ముష్టి మాత్రం వెయ్యకు!”

టైలరమ్మ బయటికొచ్చి చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది. మాస్టారు పేపరు మడిచాడు. “నేనే రాశాను. అమ్మ రాయనంది,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “దానికేమన్నా అయితే తట్టుకోలేనే. అంతే.”

ఆవిడ గుడ్డముక్క తీసుకుని బోర్డు శుభ్రంగా తుడిచేసింది. మిషను సొరుగులోంచి రెండు దారాలు తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. వాటి సంగతి కత్తెరకి కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ముడులు లెక్కపెట్టింది తనే.

తెల్లదారం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వేళ్ళ మధ్య లాగింది. నమ్మకం కుదరక మళ్ళీ లాగింది. “అమ్మా, ఇందులో ముడి లేదు.”

“ఎక్కడ వెయ్యమంటావ్? నువ్వు కళ్ళు తిప్పుకోనిస్తేగా.”

నల్లదారం మీద ఒకచోట ఏడు ముడులు గుంపుగా ఉన్నాయి. “హీరో ఆస్పత్రి మంచం మీద పడుకుని చిన్నప్పటి సంగతులన్నీ ఏకరువు పెట్టే చోట. పన్నెండు నిమిషాలు. మొత్తం విప్పెయ్యాలి,” అంది తల్లి, ఏ మాత్రం తగ్గకుండా.

కత్తెర నవ్వబోయి ఏడ్చేసింది. “పన్నెండు కాదమ్మా, పదకొండున్నర. నేను విప్పేశాను. రిలీజుకి వారం ముందు హీరో పట్టుబట్టి మళ్ళీ పెట్టించాడు. వద్దని ఎంత పోట్లాడానో! పదిమంది చుట్టూ కూర్చుని నీకు సినిమా తెలీదన్నారు. నిజంగానే నాకు తెలీదేమోనని వారం రోజులుగా కుమిలిపోతున్నాను.”

టైలరమ్మకి కళ్ళు నిండాయి. నిన్న హాల్లో ఆ ముడులు వేస్తూ కూతురు తప్పు చేసిందనే అనుకుంది. ఒక్కసారి ఫోన్ చేసి అడగొచ్చని తట్టలేదు. కూతుర్ని దగ్గరికి లాక్కుంది. “నీకు తెలుసు. నీకు తెలిసినంత వాళ్ళెవరికీ తెలీదు. చెప్పవే, రాయనా, వద్దా? ఇది నీ బతుకు. వద్దంటే బోర్డు ఖాళీగా ఉంచుతాను. అబద్ధం మాత్రం రాయను.”

కత్తెర కళ్ళు తుడుచుకుని సుద్దముక్క అందించింది. “రాయి.”

టైలరమ్మ రాసింది: ‘ఇంటర్వెల్ దాకా ఒక్క ముడీ పడలేదు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఆస్పత్రి సీను పన్నెండు నిమిషాలు తీసేస్తే మిగతాదీ అంతే. చూడండి.’

“ఇన్నేళ్ళలో మొదటిసారా!” మాస్టారు లేచి నిలబడ్డాడు. “ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!”

“మీరు చెప్పనిచ్చారా?”

లోపల్నుంచి నర్సమ్మ కేకేసింది. “టైలరమ్మా, చేతులు దించొచ్చా?”

సరిగ్గా పదింటికి మేనేజరు స్కూటర్ ఆపాడు. ఫోన్ ఎత్తి, చదివి, దించేశాడు. “ఏమ్మా, ఇది నీ సినిమాయేగా? పంపమంటావా, వద్దా? అవతల పెద్ద హీరో. తర్వాత నన్ననుకోవద్దు.”

“ఒక్క నిమిషం ఆగండి,” అంది కత్తెర. గుమ్మం పక్కనున్న బోర్డుని రెండు చేతులా ఎత్తి రోడ్డు వారకి, అందరికీ కనబడేలా జరిపింది. పన్నెండు చెరిపి పదకొండున్నర అని దిద్దింది. తల్లి రాసినదాని కింద, నిన్న తెర మీద పడిన తన పేరు పెద్ద అక్షరాలతో రాసి, పక్కన ‘ఎడిటర్’ అని పెట్టింది.

“ఇప్పుడు తియ్యండి.”