వుబిత్‌కు ఒక ఆదివారం

యేసు తిరిగి లేచిన పండగ వారం కావడంతో ఆ ఉదయం వంటింటి బల్ల నిండా మామూల్ అనే ఖర్జూరపు బిళ్ళల పిండే. వుబిత్ రవ్వపిండిని ఉండలు చేసి, మధ్యలో ఖర్జూరం ముద్ద పెట్టి, చెక్క అచ్చులో నొక్కి ఇస్తోంది. చక్రాల కుర్చీలో కూర్చున్న వదాద్ ఆ అచ్చును ఎడమచేత్తో బల్ల అంచుకు ఠపీమని కొట్టి బిళ్ళను రాలుస్తోంది. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయాక ఆవిడకు మిగిలిన పండగ పని అదొక్కటే. దాన్ని మాత్రం ఎవరికీ వదలదు.

కూతురు నజ్లా నిలబడే కాఫీ తాగుతోంది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుంది. బేరూత్ నగరంలోని ఇళ్ళల్లో పనిచేసే పరదేశపు అమ్మాయిల కోసం పోరాడే సంఘానికి ఆమె అధ్యక్షురాలు.

"చూడండమ్మా, వారానికో రోజు సెలవంటే మీరు పెట్టే భిక్ష కాదు. అది ఆ పిల్ల హక్కు" అని అవతలి ఇల్లాలిని కడిగేసి ఫోన్ పెట్టేసింది. తర్వాత సంచిలోంచి కాగితం పొట్లం తీసి వుబిత్ ముందు పెట్టింది. "వేడివేడి జున్ను రొట్టె. నీకోసమే. చల్లారకముందే తినేయ్."

"తినదు. దానికి ఉపవాసం. పాలు, వెన్న, గుడ్డు ఏదీ ముట్టదు. నలభై రోజులు దాటింది. పోయినేడాదీ చెప్పాను, అంతకుముందూ చెప్పాను" అంది వదాద్.

"అయ్యో, మర్చిపోయా. నువ్వైనా గుర్తు చేయొద్దూ వుబిత్!"

వుబిత్ నవ్వి పొట్లం పక్కకు జరిపింది. పెద్దావిడను ఆమె తేతా అంటుంది, సొంత అమ్మమ్మను పిలిచినట్టు. నజ్లాను మాత్రం మదామ్ అనే అంటుంది.

ఇథియోపియా నుంచి వచ్చిన వుబిత్‌ను ఒకరి ఇంట్లో తిండి సరిగ్గా పెట్టక, తాళం వేసి ఉంచితే, ఆమె బాల్కనీ దిగి పారిపోయి కట్టుబట్టలతో సంఘం గుమ్మం ఎక్కింది. నజ్లాయే తన ఇంటికి తెచ్చుకుని, తన పూచీ మీద కాగితాలు చేయించింది. అది జరిగి నాలుగేళ్ళు. సొంత గది, ఆ గదికి తాళంచెవి, వేళకు జీతం, అన్నీ అమర్చింది. పనిమనిషి ఉన్న ఇల్లు ఎలా ఉండాలో సభల్లో చెప్పేటప్పుడు ఆమె కళ్ళముందు మెదిలేది తన ఇల్లే. అందులో అబద్ధమేమీ లేదు. ఒక్క ఆదివారం సంగతే ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం సంఘానికి పెద్ద రోజు. ఊరి నలుమూలల నుంచీ అమ్మాయిలు ఆదివారపు ఇంటికి వస్తారు. సంఘం అద్దెకు తీసుకున్న మూడు గదుల కొంపకు వాళ్ళు పెట్టుకున్న పేరది. అక్కడ వండుకుంటారు, జడలు అల్లుకుంటారు, పాడతారు, కడుపారా ఏడుస్తారు. నజ్లా పొద్దున్నే వెళ్తే మళ్ళీ దీపాల వేళకే వస్తుంది. అంతసేపూ వదాద్ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆ ఎవరో వుబిత్. బదులుగా ఆమెకు మంగళవారం సెలవు. మంగళవారం నాడు ఆమె తోటివాళ్ళందరూ ఎవరో ఒకరి వంటింట్లో ఉంటారు. వుబిత్ సముద్రపు ఒడ్డున ఒంటరిగా అటూ ఇటూ నడిచి మధ్యాహ్నానికే తిరిగొచ్చేస్తుంది. దానికి ఇల్లే ఇష్టమని నజ్లా అందరికీ చెప్పుకుని మురిసిపోతుంది.

"మదామ్, ఈ ఆదివారం..." అంది వుబిత్, పిండి చేతులు గౌనుకు తుడుచుకుంటూ.

"ఆదివారం సంఘం ఊరేగింపు! ఏదీ, ఆ గుడ్డ బ్యానర్ అంచులు కుట్టడం ఎంతవరకొచ్చింది?"

"రేపటికి అయిపోతుంది. ఆదివారం మా పండగ కూడా, మదామ్. ఉపవాసం విడిచే రోజు. గుడికి వెళ్ళి, అందరితో కలిసి..."

"పండగ మనకీ అదే రోజు కదే. అందుకేగా ఊరేగింపు ఆ రోజు పెట్టింది, ఆ రోజైతే ఎక్కువమంది అమ్మాయిల్ని వదులుతారని. ఆ పూట నేను లేకపోతే ఎలా? నువ్వు సోమవారం తీసుకో. మంగళవారమూ నీదే. రెండు రోజులు, సరేనా?"

"సోమవారం అక్కడ ఎవరుంటారు మదామ్?"

ఆ మాట నజ్లా చెవిన పడిందో లేదో. మళ్ళీ ఫోన్ మోగింది. కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు మెట్లు దిగి వెళ్ళిపోయింది. వదాద్ అచ్చును బల్లకేసి గట్టిగా కొట్టింది. బిళ్ళ రెండు ముక్కలైంది.

శుక్రవారం మధ్యాహ్నం మెసెరెత్ బ్యానర్ కోసం వచ్చింది. ఆమెదీ ఇథియోపియాయే, ఆమె కూడా ఒకప్పుడు ఇళ్ళల్లో పనిచేసిన మనిషే. నజ్లాతో కలిసి సంఘాన్ని నిలబెట్టింది. ఆదివారపు ఇంటికి పెద్దదిక్కు ఆమె. నజ్లా లోపలి గదిలో ఉపన్యాసం దిద్దుకుంటుంటే, మెసెరెత్ బాల్కనీలో కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళింది. వుబిత్ బ్యానర్ మడత విప్పి చూపించింది. నీలం గుడ్డ మీద తెల్లటి అక్షరాలు, 'వారానికి ఒక రోజు మాది.'

కాసేపటికి నజ్లాకు ఒక నవ్వు వినిపించింది. పొట్ట పట్టుకుని, ఊపిరందక, మధ్యలో ఏదో అరిచి మళ్ళీ పడీపడీ నవ్వే నవ్వు. ఎదురింటి వాళ్ళెవరో అనుకుంది. తొంగిచూస్తే వుబిత్! నాలుగేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నారు. ఆ పిల్ల చిరునవ్వు తెలుసు గానీ ఆ నవ్వు నజ్లా ఎప్పుడూ వినలేదు. మనసు చివుక్కుమంది.

మెట్ల మీద మెసెరెత్‌ను ఆపి అడిగింది. "ఏమిటే అంత నవ్వు?"

"మా ఊళ్ళో ఒక పూజారి, ఒక గాడిద కథలే. అరబ్బీలో చెబితే నవ్వు రాదు" అంది మెసెరెత్. ఒక మెట్టు దిగి ఆగింది. "నజ్లా, ఈ పిల్ల ఆదివారం మన దగ్గరికి ఎందుకు రాదు?"

"దానికి జనమంటే బెరుకు."

"ఎవరు చెప్పారు? అదా, నువ్వా?"

నజ్లా మొహం ఎర్రబడింది. "ఏమిటా ప్రశ్న? నేనేమైనా తాళం వేసి ఉంచానా? మంగళవారం ఇస్తున్నాను కదా!"

"మంగళవారాన్ని ఏం చేసుకుంటుంది, ఉప్పు వేసుకు తింటుందా?"

"మరి అమ్మ దగ్గర ఎవరుంటారు? నువ్వుంటావా?"

మెసెరెత్ చంకలో బ్యానర్ సర్దుకుంది. "ఈ మాట మనం ఎన్ని ఫోన్లలో విన్నాం నజ్లా? ప్రతి మదామూ ఇదే అడుగుతుంది. మా అమ్మ దగ్గర ఎవరుంటారు, మా పిల్లల దగ్గర ఎవరుంటారు అని. నువ్వు వాళ్ళకేం చెబుతావో నీకే తెలుసు."

"నన్నూ వాళ్ళలో కలిపేశావా?"

"నన్నూ కలుపుకుంటున్నా. ఆదివారం నువ్వక్కడ ఉంటే నాకు సుఖం. అందుకే నేనూ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా."

నజ్లా తలుపు ధడాలున వేసుకుని లోపలికొచ్చింది. హాల్లో వదాద్ కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. చెవులు మాత్రం పాముచెవులు.

"నువ్వూ మొదలుపెట్టకమ్మా" అంది నజ్లా.

"నేనేమన్నాను? నా నోరే సగం వంకరపోయింది. ఊరందరి పిల్లలకీ ఆదివారం పంచుతున్నావు, బాగానే ఉంది. మనింటి పిల్ల కిటికీ దగ్గర నా పక్కన కూర్చుంటుంది. నేనూ అదీ వీధి చూస్తాం. గుడి గంటలు వింటాం. అది తన పాట ఒకటి సన్నగా పాడుకుంటుంది. అడిగితే ఆపేస్తుంది."

"ఎవర్నైనా ఆ పూటకు మాట్లాడితే సరిపోతుంది. ఒక నర్సు..."

"నర్సు!" వదాద్ గొంతు పెరిగింది. "కూతుర్ని కన్నానా, సంఘాన్ని కన్నానా? నాలుగేళ్ళలో ఒక్క ఆదివారం నాతో అన్నం తిన్నావా? నా తల ఎలా దువ్వుతారో నీకు తెలుసా? నేను ఏ పక్కకు తిరిగి పడుకుంటానో తెలుసా? వుబిత్‌నడుగు, చెబుతుంది."

నజ్లా తల్లి మొహం మీంచి చూపు తిప్పుకుంది. తల్లి ఒకప్పుడు బడి పెద్ద పంతులమ్మ. ఆవిడ నడిచొస్తుంటే వరండాలు నిశ్శబ్దమయ్యేవి. ఆవిడ కుడిచేతికి ఇప్పుడు చెంచా నిలవదు. నోటి చివరనుంచి చారు కారుతుంటే చూడలేక, పక్షవాతం వచ్చిన మొదటి నెలలోనే నజ్లా పని వంక పెట్టుకుని బయటికి పారిపోయింది. ఆ పారిపోవడానికి అందరూ సేవ అని పేరు పెట్టారు. తనూ నమ్మింది. లోకంలోని ప్రతి ఇంటి తలుపూ తట్టగలదు గానీ, తల్లి స్నానాల గది తలుపు తోయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

శనివారం నజ్లా వుబిత్ గది తలుపు తట్టింది. వుబిత్ ఇస్త్రీ చేస్తోంది. బల్ల మీద తెల్లటి నూలు గౌను, అంచున ఎరుపూ ఆకుపచ్చా కుట్టుపని, దానికి జతగా పల్చటి శాలువా.

"ఎంత బాగుందే! ఇది వేసుకోగా ఎప్పుడూ చూడలేదు."

"మా అమ్మ పంపింది, నేనిక్కడికొచ్చిన మొదటి పండక్కి." వుబిత్ ముడత మీద నీళ్ళు చిలకరించింది. "ఏటా పండగ ముందురోజు ఇస్త్రీ చేస్తాను మదామ్. మళ్ళీ మడతపెట్టి పెట్టెలో పెట్టేస్తాను."

చెప్పిన మాటలో నిష్ఠూరం ఏ కోశానా లేదు. నిష్ఠూరం ఉంటే నజ్లా ఏదో ఒక జవాబు చెప్పుకునేది. ఇప్పుడు మంచం అంచున కూలబడి ఆ గౌను వంకే చూసింది. కళ్ళు నిండిపోయాయి.

"రేపు నువ్వు వెళ్ళు. నేను అమ్మ దగ్గరుంటాను."

ఇస్త్రీపెట్టె ఆగింది. "ఊరేగింపు? మీ ఉపన్యాసం?"

"మెసెరెత్ మాట్లాడుతుంది. ఆ బ్యానర్ కుట్టింది నువ్వు. దాని వెనకాల నడవాల్సింది నువ్వు."

"మరి తేతాకు స్నానం?"

"నేనే చేయిస్తాను."

హాల్లోంచి వదాద్ కేక వినిపించింది. "యేసుప్రభూ, నన్ను నువ్వే కాపాడాలి!"

పండగ పొద్దున వుబిత్ తెల్లగౌనులో గుమ్మం దాటుతుంటే, వదాద్ ఆమెను దగ్గరికి పిలిచి, శాలువా అంచు ఎడమచేత్తో సరిచేసింది. "బాగా నవ్వుకుని రా పిల్లా" అంది.

ఆ తర్వాత నజ్లా పాట్లు చెప్పనలవి కాదు. నీళ్ళు ముందు మరీ వేడి, తర్వాత మరీ చల్లన. సబ్బు జారింది. తల్లిని కుర్చీలోంచి లేపబోయి ఇద్దరూ గోడకు చేరగిలబడి ఆయాసపడ్డారు.

"చంక కింద చెయ్యి వేయమంటే మెడ పట్టుకుంటావేమే? ఊరేగింపు జెండానా నేను?" అంది వదాద్.

నజ్లాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తల్లి వీపు అంత సన్నగా అయిపోయిందని ఆమెకు తెలియదు. ఎముక మీద మెత్తగా, భయంభయంగా సబ్బు రాసింది. తడి జుట్టు దువ్వుతుంటే తల్లి కళ్ళు మూసుకుని, "పాపిడి ఎడమకు తీయి. చిన్నప్పుడు నీకూ అలాగే తీసేదాన్ని" అంది. ఆ మాటకు నజ్లా దువ్వెన పట్టుకునే తల్లి భుజం మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

"భయమేసిందమ్మా. నిన్నిలా చూడాలంటే భయమేసింది."

"నాకు మాత్రం వేయలేదా? ఇద్దరం కలిసి భయపడితే సరిపోయేది కదే, పిచ్చితల్లీ!"

మధ్యాహ్నం ఉల్లిపొట్టుతో ఎర్రగా ఉడికించిన గుడ్లు పండగ ఆచారం ప్రకారం ఒకదానికొకటి కొట్టుకుని, తల్లీకూతుళ్ళు అన్నం తిన్నారు. నజ్లా చెంచాతో పెడుతుంటే చారు గడ్డం మీద కారింది. తుడిచింది. అంతే, ఏమీ కాలేదు. ఇన్నాళ్ళూ పారిపోయింది దీనికా అనిపించింది.

ఎండ దిగేసరికి ఇల్లు బోసిపోయింది. కాఫీ వాసన లేదు, వంటింట్లో ఆ సన్నటి పాట లేదు. నజ్లా రెండుసార్లు గడియారం చూసింది. బాల్కనీలోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. కడ్డీల మీదుగా వంగి వీధి చివరికి చూపు సాచింది.

"అక్కడ కాదు" అంది వెనకనుంచి వదాద్. "ఆ మందారం కుండీ పక్కకు రా. ఇంకొంచెం. ఆఁ, అక్కడ. అక్కడి నుంచైతే రొట్టెలకొట్టు మలుపు దాకా కనిపిస్తుంది."

నజ్లా జరిగింది. నిజమే, మలుపు స్పష్టంగా కనిపించింది. కుండీ పక్కన నేల మీద, కుర్చీ చక్రాలు ఆనిన చోట, పలకరాయి అరిగి రెండు నల్లటి చారలు పడి ఉన్నాయి.

"నీకెలా తెలుసమ్మా?"

"నీకోసం ప్రతి ఆదివారం అక్కడి నుంచే చూస్తాను కదే" అంది వదాద్.

నజ్లా వెనక్కి వచ్చి తల్లి కుర్చీని తోసుకెళ్ళి ఆ చారల మీద నిలిపింది. తను పక్కన నేల మీద కూర్చుని తల్లి చచ్చుబడిన చేతిని ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ మలుపు వైపే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి తెల్లటి శాలువా ఒకటి మలుపు తిరిగింది. పక్కన మరో ఇద్దరమ్మాయిలు. ముగ్గురూ దేనికో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు మూడో అంతస్తు దాకా వినిపించింది.

వుబిత్ పైకొచ్చేసరికి ఒంటి నిండా సాంబ్రాణి వాసన, గొంతు బొంగురు. చేతిలో వాళ్ళు కాల్చిన పండగ రొట్టె. తేతా తల చూసి, "పాపిడి బాగా తీశారు మదామ్" అంది. రొట్టె తుంచి మొదట తేతాకు, తర్వాత నజ్లాకు పెట్టింది.

"వచ్చే ఆదివారం కూడా వెళ్తాను" అంది. ఈసారి అడగలేదు.

"వెళ్ళు" అంది నజ్లా, రొట్టె నములుతూ. "వచ్చే ఆదివారం మాకూ ఇక్కడ పనుంది."